ఓర్విక్ గడియ తీస్తాడు

ఇష్బెల్ రాంకిన్‌కి పుట్టినప్పటి నుంచీ చూపు లేదు. స్కాట్లండ్‌లోని రేవు ఊరు గ్రీనాక్‌లో ఆ సంగతి అందరికీ తెలుసుగానీ ఆమె ముందు ఎవరూ జాలిగా మాట్లాడరు. మాట్లాడినవాళ్లు ఒక్కసారే మాట్లాడారు. నలభై ఏళ్లుగా ఆ ఊరి బడుల్లోనూ చర్చి హాళ్లలోనూ ఉన్న పియానోలకి శ్రుతి చేసేది ఆమే. భుజాన పనిముట్ల తోలుసంచి, చేతిలో తెల్లకర్ర, తలకి వాన టోపీ. క్లైడ్ నది మీద నుంచి జల్లు ఏటవాలుగా కొడుతున్నా బస్సు దిగి ఒక్కతే నడుచుకుంటూ పోతుంది. ఎవరైనా చెయ్యి పట్టుకుని రోడ్డు దాటించబోతే, దాటాలని ఉందో లేదో ముందు నన్నడిగారా అంటుంది.

పన్నెండేళ్లప్పుడు ఎడింబరోలో అంధుల బడి హాస్టల్లో ఉండగా ఆమె చేతికి ఒక మాంత్రికుడి కథ వచ్చింది. బ్రెయిలీలో తొమ్మిది లావుపాటి సంపుటాలు. ఆరో సంపుటం కోసం ఆడపిల్లలు వంతులు వేసుకునేవారు. కథలో ఓర్విక్ అని ఒక ముసలి మాంత్రికుడు. తల్లీతండ్రీ లేని మైరెన్ అనే రాజకుమార్తెని పెంచి పెద్దచేస్తాడు. మొక్కల పేర్లు చెబుతాడు, జ్వరం వస్తే పక్కనే కూర్చుంటాడు. శత్రువులు కోటని చుట్టుముట్టిన రోజు, "నువ్వు పడుకో తల్లీ, తలుపు సంగతి నేను చూసుకుంటాను" అని పంపేసి, వెళ్లి గడియ తీస్తాడు.

ఆ వాక్యం మీద ఇష్బెల్ వేలు ఆగిపోయింది. వెనక్కి వెళ్లి మళ్లీ తడిమింది. మూడుసార్లు తడిమినా అదే మాట. భోజనాల బల్ల దగ్గర, గంజి గిన్నె ముందు, అందరూ వింటుండగా ఏడ్చేసింది.

తరువాత ఆలోచిస్తే ఆ ఏడుపంత గొప్ప సంగతి తన చిన్నతనంలో మరొకటి లేదనిపించింది. పుట్టినప్పటినుంచీ ఎవరో ఒకరు ముందే చెబుతూనే ఉన్నారు. మెట్టుంది చూసుకో. పాలు వేడిగా ఉన్నాయి. ఆ పిల్లతో తిరక్కు, మంచిది కాదు. ఆ పుస్తకం ఒక్కటే ఏమీ చెప్పలేదు. అందరితో సమానంగా ఆమెనీ మోసపోనిచ్చింది.

యాభై ఏళ్ల తరువాత ఆ కథ సినిమా అయింది. చూపులేని ప్రేక్షకులు హెడ్‌ఫోన్ పెట్టుకుంటే, మాటల మధ్య ఖాళీల్లో తెర మీద ఏం జరుగుతోందో ఒక గొంతు చెబుతుంది. ఆ వర్ణన రాసే పని గ్లాస్గోలో ఒక చిన్న సంస్థకి వచ్చింది. విడుదలకి ముందు చూపులేనివాళ్లు ముగ్గురు విని బాగుందనాలి. చివర్లో వాళ్ల పేర్లు కూడా చదువుతారు. ఇష్బెల్ చెవి గురించి ఎవరో చెప్పినట్టున్నారు, ఆమెని పిలిచారు.

వర్ణన రాసినవాడు ఫిన్లే. ముప్పయ్యయిదేళ్లుంటాయేమో, నెమ్మదస్తుడు, ఏది అడిగినా ముందు క్షమించండి అంటాడు. రైల్లో వచ్చిన ఇష్బెల్‌కి వేడి వేడి టీ తెచ్చి ఇచ్చాడు, కప్పు పిడి ఎటుందో చెప్పకుండా చేతికి తగిలేటట్టు పెట్టాడు. అతను ఆమెకి నచ్చాడు. మొదటి ఇరవై నిమిషాలూ వర్ణన కూడా నచ్చింది. ఆ తరువాత ఓర్విక్ మైరెన్‌కి ఆపిల్ తొక్క తీసి ఇచ్చే ఘట్టం వచ్చింది. హెడ్‌ఫోన్‌లో గొంతు, "ఓర్విక్ కపటమైన చిరునవ్వుతో ముక్క అందిస్తాడు" అంది.

"ఆపు నాయనా," అంది ఇష్బెల్. "ఎలా నవ్వాడు?"

"కపటంగా."

"అది నువ్వు చెప్పావు, నేను విన్నాను. నీకు కనపడిందేమిటో అడుగుతున్నాను."

ఫిన్లే ఆ ముక్క వెనక్కి తిప్పి చూశాడు. మళ్లీ తిప్పాడు. చివరికి, చిన్నగా నవ్వాడండీ, మామూలుగానే, మనవరాలికి పండు కోసిచ్చే తాత నవ్వినట్టే ఉంది అన్నాడు.

"మరి కపటం ఎక్కణ్ణుంచి వచ్చింది?"

"నేను ఆఖరిదాకా చూసేశాను కదండీ," అన్నాడు ఫిన్లే. "క్షమించండి. నాలుగుసార్లు చూశాను."

అలాంటివి ఇంకో రెండు దొరికాయి. ఓర్విక్ చలిమంట వైపు చూస్తుంటే "కళ్లలో కుట్ర మెరుస్తుంది" అని ఒకటి. కోట తలుపు దగ్గర "ద్రోహి గడియ తీస్తాడు" అని ఒకటి. వీటన్నిటికంటే ఆమెకి ఒళ్లుమండినది వేరే ఉంది. ఆ నటుడు మైరెన్‌తో అబద్ధం చెప్పే ప్రతిసారీ, మాటకి ముందు చిన్నగా ఊపిరి బిగబడతాడు. నలభై ఏళ్లు పియానో తీగల మధ్య వెంట్రుకవాసి తేడాలు వెతికిన చెవికి అది స్పష్టంగా పట్టుబడింది. సినిమా మొత్తం మీద చూపులేనివాళ్ల కోసం వదిలిన ఆనవాలు అదొక్కటే. సరిగ్గా ఆ ఊపిరి మీదే వర్ణన గొంతు వచ్చి పడుతోంది. చెవికి అందాల్సినదాన్ని చెరిపేసి, దాని చోట కపటమనీ కుట్ర అనీ చెబుతున్నారు.

ఫిన్లే వెళ్లి తన పై అధికారిణి రోనాని తీసుకొచ్చాడు. రోనా మర్యాదగానే మాట్లాడింది. చూపున్నవాళ్లకి వెలుగూ రంగులూ నటుడి ముఖమూ ఉంటాయి, మీవాళ్లకి అవేవీ ఉండవు, కాస్త చెయ్యందిస్తే తప్పేమిటంది. మిగతా ఇద్దరూ విని బాగుందన్నారనీ, వాళ్లలో ఒకాయన ఇలా విడమరిచి చెబితేనే హాయిగా ఉందన్నాడనీ చెప్పింది. సినిమా తీసినవాళ్లు కాగితాలు చూసి ఒప్పుకున్నారు, శుక్రవారానికి పంపెయ్యాలి అంది.

ఇష్బెల్ అంతా విని ఒక్కటే అడిగింది. "మొదటిసారి చూసినప్పుడు ఆ ముఖంలో మీకు కపటం కనపడిందా, రోనా?"

రోనా అబద్ధమాడే మనిషి కాదు. "లేదు. తలుపు తీసేదాకా నమ్మాను," అంది.

"చూశారా. మీరు నమ్మారు. గుండె గుభేలుమంది. ఇంటికెళ్లి నలుగురితో చెప్పుకున్నారు. నాకు మటుకు ఇరవయ్యో నిమిషంలోనే వాడు దొంగ అని చెప్పేసి, మిగతా రెండు గంటలూ కూర్చోమంటున్నారు. నన్నెందుకు మోసపోనివ్వరు?"

రోనా, మార్చడానికి వ్యవధి లేదు అంది. అలాగైతే నా పేరు తీసెయ్యండి అని ఇష్బెల్ సంచీ భుజాన వేసుకుంది. స్టేషన్ దాకా దిగబెడతానని ఫిన్లే అంటే వద్దంది. మెట్లు దిగేటప్పుడు ఒక్కొక్క మెట్టునీ కర్రతో ఠప్పుమని కొట్టింది.

ఆ సాయంత్రం అక్క ఊనా వచ్చింది. ఇష్బెల్ జరిగిందంతా చెబితే, "ఒక్క మాట కోసం ఇంత రాద్ధాంతమా, పిల్లా? పాపం వాళ్లు నీ మంచికే కదా," అంది.

ఊనా ఆ మాట అనకుండా ఉండాల్సింది. ఇష్బెల్‌కి ఇరవయ్యారేళ్లప్పుడు ఆబర్డీన్‌లో మర్డో అని పియానోలు బాగుచేసే ఒకతను పరిచయమయ్యాడు. అతనికి చూపుంది, బ్రెయిలీ రాదు. ఉత్తరాలు సిరాతో రాసేవాడు, ఊనా చదివి పెట్టేది. ఏడాది తిరిగేసరికి ఉత్తరాలు ఆగిపోయాయి. ఇష్బెల్ కొన్నాళ్లు బాధపడి ఊరుకుంది. నలభై ఎనిమిదో ఏట కాగితం పెడితే చదివే యంత్రం ఒకటి ఇంటికొచ్చింది. ఉబుసుపోక పాత ఉత్తరాలు తీసి దాని కింద పెట్టింది. భావం లేని ఆ యంత్రపు గొంతు, ఊనా ఎన్నడూ చదవని వాక్యాలు మూడు ఉత్తరాల్లో చదివింది. ఇక్కడికి వచ్చెయ్, ఇద్దరం కలిసి దుకాణం పెడదాం. ఈ మాటకి నువ్వు జవాబివ్వలేదు. ఇక అడగను.

అడిగితే ఊనా దాచలేదు. ఊరుకాని ఊళ్లో, చూపు లేకుండా, నువ్వెలా నెగ్గుకొస్తావని భయమేసింది, నీ మంచికే చేశానంది. ఏడాదిన్నర మాటల్లేవు. తరువాత ఇష్బెల్‌కి జబ్బు చేస్తే ఊనా బార్లీ సూప్ పట్టుకుని వచ్చి తలుపు కొట్టింది. ఇష్బెల్ తలుపు తీసింది. క్షమించానని అప్పుడూ అనలేదు, ఇప్పటికీ అనలేదు.

"నా మంచి సంగతి నేను చూసుకుంటాను," అంది ఇష్బెల్ ఆ సాయంత్రం. "చదివేవాళ్లు ఉన్నది ఉన్నట్టు చదవాలి. కలపకూడదు, తియ్యకూడదు."

ఊనా టీ కప్పు పక్కన పెట్టింది. ఆ సినిమాకి నేనూ వస్తానంది.

సినిమా మూడు వారాలకి గ్రీనాక్ వచ్చింది. చూపులేనివాళ్ల క్లబ్బు నుంచి తొమ్మిది మంది బయలుదేరారు. వాళ్లలో ఆర్చీ మొఫాట్ డెబ్బయితొమ్మిదేళ్లవాడు, ఓడల కార్ఖానాలో రేకులు అతికినవాడు. చూపు పోయి ఆరేళ్లయింది. అతనికి ఆ కథ బొత్తిగా తెలియదు. కౌంటర్ దగ్గర హెడ్‌ఫోన్లు ఇస్తుంటే, అందులో ఏం చెబుతారో ఇష్బెల్ కథ బయటపెట్టకుండానే అందరికీ వివరించింది. ఎవరిష్టం వాళ్లది అంది. ఆరుగురు తిరిగిచ్చేశారు. ముగ్గురు ఉంచుకున్నారు.

"మరి నాకెవరు చెబుతారమ్మాయ్?" అన్నాడు ఆర్చీ.

"ఊనా చెబుతుంది," అంది ఇష్బెల్.

ఊనా ఆర్చీకీ ఇష్బెల్‌కీ మధ్య కూర్చుంది. హెడ్‌ఫోన్ తిరిగిచ్చేసిన మిగతావాళ్లు వెనక వరసలో కూర్చున్నారు. మొదట్లో తడబడింది. ముసలాయన వచ్చాడు, బట్టతల, కాదు కాదు, టోపీ పెట్టుకున్నాడు అంది. ముందు వరసలో ఒకాయన వెనక్కి తిరిగి ఉష్‌మన్నాడు.

"మీకు కళ్లున్నాయిగా, చూసుకోండి," అంది ఊనా. "వీళ్లకి నేనే దిక్కు."

ఆపిల్ దగ్గర ఆమె, తొక్క తీసి ముక్క ఇచ్చాడు, నవ్వాడు అంది. అంతే. మంట దగ్గర, మంట వైపు చూస్తున్నాడు అంది. మధ్యలో రెండుసార్లు ఆమె ఏదో అనబోయి మింగేయడం ఇష్బెల్‌కి వినపడింది. కోట తలుపు ఘట్టం వచ్చింది. హాలంతా నిశ్శబ్దం. ఊనా, "ఓర్విక్ గడియ తీస్తాడు," అంది.

ఆర్చీ నోట్లో బిస్కెట్ నమలడం ఆపేశాడు. కుర్చీ చెయ్యి కిర్రుమంది.

తరువాత పక్కనున్న టీ అంగట్లో, హెడ్‌ఫోన్ ఉంచుకున్న నెట్టా, నాకు ఆపిల్ దగ్గరే తెలిసిపోయింది అంది.

"అదెలా?" అన్నాడు ఆర్చీ.

"హెడ్‌ఫోన్‌లో అమ్మాయి చెప్పింది."

"నేనైతే ఆ ముసలాడికి ఇంటి తాళాలు కూడా ఇచ్చేసి ఉందును," అన్నాడు ఆర్చీ. కాసేపు స్కోన్ బన్నుకి వెన్న రాస్తూ కూర్చుని, "ఆరేళ్లయింది, నాకెవరైనా ఏదైనా ముందే చెప్పకుండా వదిలేసి," అన్నాడు.

మర్నాడు ఇష్బెల్ సంస్థకి ఉత్తరం రాసింది. ఏడుగురు సంతకాలు పెట్టారు, నెట్టాతో సహా. నాలుగు వాక్యాల జవాబొచ్చింది, మీ అభిప్రాయం మాకు విలువైనదని. ఆ తరువాత ఏడాది పాటు ఎవరూ పిలవలేదు. ఇష్బెల్ పియానోల పని ఆమె చేసుకుంది. ఉత్తరం మటుకు ప్రతి మూడు నెలలకీ మళ్లీ పంపింది, ఒక్క అక్షరం మార్చకుండా.

వసంతంలో ఫోన్ మోగింది. ఫిన్లే. పాత చోట మానేశాననీ, ఇంకొక సంస్థలో చేరాననీ, క్షమించండనీ అన్నాడు. సముద్రం మీద తిరిగే ఒక మంత్రగత్తె సినిమా వచ్చిందట. మీరు వింటారా అని అడిగాడు.

"ఈసారి ఆఖరు చూడకుండా రాశావా?"

"ఒక్కొక్క ఘట్టమే చూసి రాశానండీ. ఆమె మంచిదో చెడ్డదో నాకే తెలియదింకా."

ఇష్బెల్ రైలెక్కి వెళ్లింది. టీ కప్పు చేతికి తగిలేటట్టు పెట్టాడు. ఆమె హెడ్‌ఫోన్ తగిలించుకుని కుర్చీలో సర్దుకుంది. మొదటి వాక్యం విని చెయ్యెత్తింది.

"ఆపు. దిగులు వాన అన్నావు. వానకి దిగులేమిటి నాయనా? కొట్టెయ్యి."