చిత్తేరి కొండ మీద అత్త విడిచిన చీర

మా అత్తకు గర్భసంచి ఆపరేషన్ అయి ఏడాది దాటింది. ఆ రోజు ఏ చీరలో ఆస్పత్రికి పోయిందో ఆ చీర ఇంట్లో ఉండకూడదని, కొండ మీద జలపాతంలో విడిచి రావాలని అప్పటినుంచి నా ప్రాణం తీస్తోంది. తమిళనాడు ధర్మపురి జిల్లాలో మా తెలుగోళ్ల ఇండ్లలో తాతల నాటి నుంచీ ఉన్న పద్ధతి ఇది. పెద్ద జబ్బు చేసి బతికి బయటపడినవాళ్లు, జబ్బులో కట్టుకున్న బట్టతోనే జలపాతం కింద నిలబడి తల తడుపుకొని, ఆ బట్టను నీళ్లలో వదిలి, కొత్తది కట్టుకొని, వెనక్కి తిరిగి చూడకుండా దిగిపోవాలి. పీడ విడవడం అంటాం దాన్ని. విడిచిన బట్టను ఎవరు ముట్టుకుంటే వాళ్ల మీదికి ఆ జబ్బు పోతుందని నమ్మకం. అందువల్ల ఇన్నేళ్లుగా మావాళ్లెవరూ ముట్టుకోలేదు, అన్నీ జలపాతం కింది గుండంలోనే పేరుకుపోయినాయి.

నేను చెట్టికరైలో దర్జీ పని చేస్తాను. పోయిన వేసవిలో, అత్త నడవగలిగే దారేనా అని చూసి రావడానికి ఒక్కదాన్నే కొండకు పోయినాను. అక్కడి ఊరామె పొన్ని నన్ను గుండం దగ్గరికి తీసుకపోయి చూపించింది. వాళ్ల ఊరికి తాగునీళ్లు ఆ గుండం నుంచే పోతాయి, పైపు వేసుకున్నారు. ఆ పైపు మూతిలో ఎవరిదో చీర ఒకటి ఇరుక్కుని ఊరంతా నీళ్లు లేక అల్లాడినారట. ఊరివాళ్లే దిగి, ఉన్న గుడ్డలన్నీ ఏరి కిందికి దించేసినారు. నూలు చీర అయితే ఎప్పటికో మట్టిలో కలుస్తుంది. ఇప్పుడు మనం కట్టేదంతా పాలియెస్టర్, అది కుళ్లదు, బట్టతో బతికే నాకు ఆ సంగతి ఒకరు చెప్పాల్సిన పని లేదు. ఊరి పెద్దలు నా ముందరే తేల్చి చెప్పినారు. ఇకమీదట ఒక్క గుడ్డ కనబడినా కిందివాళ్లెవరినీ ఆ దారిలో రానియ్యరు. మా అత్త సంగతి ఒక్కటే కాదు, జబ్బుపడి లేచి కొండకు పోవాలని కాచుకొని ఉన్న ఇండ్లు మావాళ్లలో ఇంకా ఉన్నాయి. మా అత్త వస్తుంది, కానీ గుడ్డ మిగలదు, నాది పూచీ అని వాళ్లందరి ముందరా మాట ఇచ్చి వచ్చినాను.

జలపాతం పేరు మాత్రం రాయను, అడగొద్దు. పేరు రాస్తే మరుసటి ఆదివారానికే బండ్లలో దిగిపోతారు, బిర్యానీ పొట్లాలతో సహా. చిత్తేరి కొండల్లో ఇలాంటివి చాలా ఉన్నాయి. నిజంగా నడవాలనుకునేవాళ్లు ముందుగా హరూర్‌లో అటవీ శాఖ వాళ్లను అడగండి, కొండ మీద ఊరివాళ్లలో ఒకరిని తోడు తీసుకోండి, వాళ్లు చూపిన చోటికే పోండి.

వానలు వెనకబట్టిన నెలలో, ఒక బుధవారం బయల్దేరినాం. శని, ఆదివారాలు వదిలేయండి, జనం ఎక్కువ. తెల్లవారుజామున చెట్టికరై నుంచి ధర్మపురి, అక్కడినుంచి హరూర్ బస్సు. గంటకు పైనే పడుతుంది, టికెట్టు యాభై లోపే. అత్తది హరూర్ దగ్గర పల్లె, మేకలు మేపుతుంది. బస్టాండులో నాకంటే ముందే వచ్చి కూర్చుని ఉంది, పక్కన మూట.

మూట విప్పించినాను. షాంపూ పొట్లాలు, సబ్బు, పసుపు, కర్పూరం, ప్లాస్టిక్ సంచిలో మురుకులు, అన్నిటికీ అడుగున ఆ పచ్చ చీర. షాంపూ, సబ్బు తీసి టీ అంగడామెకు ఇచ్చేసినాను. మురుకులు నా టిఫిన్ డబ్బాలో పోసి ఆ ప్లాస్టిక్ సంచి కూడా అక్కడే వదిలించినాను.

"సబ్బు లేకుండా తలకు పోసుకుంటే పీడ పోతాదా మే?" అనింది అత్త.

"సబ్బుకు పోయే పీడయితే కొండెక్కేది ఎందుకత్తా? ఇంట్లోనే రుద్దుకో."

"నీ నోటికి నా కొడుకు ఎట్ల తాళుతాండాడో," అని మూట కట్టుకుంది.

చీర సంగతి ముందే చెప్పి ఉన్నాను. విడువు, కానీ అక్కడ ఉంచేది లేదు అని. ప్రతిసారీ "చూద్దాంలే" అనేది. మా అత్త చూద్దాంలే అనిందంటే కాదని అర్థం. నాకు తెలుసు, ఆమెకు తెలుసు. అయినా ఇద్దరం బస్సెక్కినాం.

కొండ బస్సు చిన్నది, ఉదయం ఒకటి తప్పితే మధ్యాహ్నమే, కాబట్టి హరూర్‌కు ఏడింటికల్లా చేరుకోవాలి. మలుపుల్లో కడుపు తిప్పుతుంది, ఖాళీ కడుపుతో ఎక్కితే మంచిది. కండక్టరు అత్త మూట చూసి అరవంలో ఎగతాళి పట్టించినాడు. "ఏం పెద్దమ్మా, కొండ మీద కాపురం పెడతావా?"

"మంచి సంబంధం ఉంటే చెప్పు నాయనా, పెట్టేస్తా," అని అత్త కూడా అరవంలోనే. బస్సంతా నవ్వింది. బస్సులో, అంగడిలో, ఆస్పత్రిలో మాది అరవమే, తెలుగు మేమిద్దరమే ఉన్నప్పుడు. అత్తకు తెలుగు చదవను రాదు, కాబట్టి ఇదంతా ధైర్యంగా రాస్తున్నాను.

పొన్ని ఇంట్లో సామ అన్నం, ఉలవ చట్నీ పెట్టింది. నలభై ఏండ్ల మనిషి, గలగలా మాట్లాడుతుంది. దారి చూపినందుకు ఐదు వందలు, తిండికి వేరే. బేరం ఆడొద్దు, ఒక పూట పొలం పని మానుకొని వస్తారు వాళ్లు. తిన్నాక నేను సంచిలోంచి కత్తెర తీసి నా ఉపాయం బయట పెట్టినాను. చీర కొంగు మూల చిటికెడు కత్తిరించి, దాన్ని నీళ్లు తగలనిచోట రాతి సందులో పెట్టి, మిగతా చీర దించుకొని పోదామని.

అత్త నన్ను కిందినుంచి పైదాకా చూసింది. "రోగం కొంగు మూలకు వచ్చిందా నాకు? కడుపు కోసినారు మే. కత్తెర లోపల పెట్టు."

పొన్ని నవ్వు ఆపుకోలేక పొయ్యి వైపు తిరిగింది. నేను కత్తెర లోపల పెట్టినాను, కానీ పట్టు వదల్లేదు. కొండ దిగేటప్పుడు చీర నా దగ్గర ఉండాలి, ఎట్లాగైనా సరే అనుకొని లేచినాను.

నడక గంటన్నర. మొదట సామ చేల గట్ల మీద, తర్వాత చింత చెట్లు, ఆ పైన వెదురు పొదల మధ్య దారి నిలువుగా లేస్తుంది. వాన తడి ఆరని మట్టి కదా, అడ్డదారి తొక్కితే జారి కింద చేలోకి పడుతుంది. వంకర తిరిగినా సరే పాత దారిలోనే నడవాలి. రబ్బరు చెప్పులతో రావొద్దు, వెనక పట్టీ ఉన్నవి వేసుకోండి. ఎలుగుబంట్లు తిరిగే చోటు, పాటలు పెట్టుకొని పోయే పని లేదు. అత్త మేకల వెనక నడిచిన మనిషి, నాకే ఆయాసం వచ్చింది గానీ ఆమెకు రాలేదు. మధ్యలో ఒక బండ మీద కూర్చుంది. పొట్ట మీద చెయ్యి పెట్టుకొని, నొప్పేమీ లేదులే, ఊరికే పెట్టుకున్నా అనింది. ఆపరేషనయిన కొత్తలో ఆ చెయ్యి అక్కడినుంచి తీసేది కాదు.

జలపాతం మరీ పెద్దది కాదు. నల్ల బండ మీదనుంచి నీళ్లు రెండు పాయలుగా దిగి గుండంలో పడతాయి. గుండం అంచున పైపు మూతి, దానికి జల్లెడ కట్టి ఉంది. నీళ్లు అడుగుదాకా కనబడుతున్నాయి, ఒక్క గుడ్డ లేదు.

అత్త చెట్టు చాటున పచ్చ చీర కట్టుకొని వచ్చింది. పసుపు బోర్డరు, ఆస్పత్రిలో ఆ చీర మీద పడిన మందు మరక ఇంకా పోలేదు. నీళ్ల కింద నిలబడి కండ్లు మూసుకొని చానాసేపు ఉండిపోయింది. వణుకుతూ ఏదో చెప్పుకుంటోంది, నాకు వినబడలేదు. ఆమె ఐసీయూలో ఉంటే బయట నేను కూర్చున్న రాత్రి గుర్తొచ్చింది. ఈ మనిషి ఈ నీళ్ల కింద నిలబడడానికి బతికింది కదా, ఆమెతో ఎందుకు పోట్లాడుతున్నాను అనిపించింది. అయినా పైపు మూతి కనబడుతూనే ఉంది.

కొత్త చీర చుట్టుకొని, పచ్చ చీరను రెండు చేతులా ఎత్తి గుండంలో వదిలేసింది. నా వైపు చూడలేదు. తిరిగి దారి పట్టింది.

చీర విచ్చుకొని మెల్లగా పైపు వైపు పోతోంది. పొన్ని దిగబోయింది. నువ్వొద్దు, నేను మాట ఇచ్చినాను అని నేనే మోకాలి లోతు దిగి, చీర కొస అందుకొని లాగినాను. ఇలాంటివి నమ్మను అని అందరికీ చెప్పుకొని తిరిగేదాన్ని. తడి చీర భుజాన పడగానే మాత్రం ఒళ్లు జలదరించింది. పిండుదామంటే చేతులు ఆడలేదు, అట్లే నీళ్లు కారుతూ ఒడ్డెక్కినాను.

"అక్కా, నీ కోడలు ఆ చీర భుజాన వేసుకుంది," అని పొన్ని గట్టిగా చెప్పేసింది. ఆమెకు మా నమ్మకం సంగతి తెలుసు, భయపడింది.

అత్త ఆగింది. వెనక్కి చూడకూడదు. కాసేపు అట్లే నిలబడింది, వీపు మాత్రమే కనబడుతోంది. తర్వాత తిరిగింది. గబగబా నా దగ్గరికి వచ్చింది. అంత కోపం ఆమె ముఖంలో ఎప్పుడూ చూడలేదు.

"ఇట్లియ్యి."

"వద్దత్తా. నువ్వు విడిచేసినావు కదా, అయిపోయింది. నేను కిందికి తీసుకపోయి పారేసే చోట పారేస్తా."

"ఇంకా కడుపు పండని దానివి. గర్భసంచి రోగం నీ భుజానేసుకుంటావా?"

నాకు పెండ్లయి ఆరేండ్లు. పిల్లలు లేరని ఇంట్లో అందరూ నా వెనక మాట్లాడుకుంటారు. అత్త ఒక్కతే, ముందరగానీ వెనకగానీ, ఏనాడూ ఎత్తలేదు. చీర నా భుజంమీదినుంచి లాక్కుని, తన కొత్త చీర తడుస్తున్నా చూసుకోకుండా తన భుజాన వేసుకుంది. నా భుజాన్ని కొంగుతో తుడిచింది, మళ్లీ మళ్లీ తుడిచింది.

"అత్తా, నీ మొక్కు పోయింది కదా," అన్నాను.

"నాది నేను మోసుకుంటా. నడువు."

దిగి ఊళ్లోకి వచ్చినాం. ఊళ్లో పెద్దలు అత్త భుజాన తడి చీర చూసినారు. ఒకాయన చెంబుతో నీళ్లు తెచ్చి ఆమె చేతికి ఇచ్చినాడు, గుండం నీళ్లే. ఆయన పొన్నితో, దారి మూసే పని లేదులే అన్నాడు. నేను గెలిచినాను, పట్టిన పట్టు నెగ్గించుకున్నాను. మధ్యాహ్నం బస్సులో హరూర్ దాకా ఆ గెలుపుకు ఒక్క క్షణం కూడా సంతోషపడలేదు.

ఇలాంటి చోట్లకు పోయేవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే. జలపాతం కనబడగానే దిగేయకండి, ఊరివాళ్లు నీళ్లు ఎక్కడ పట్టుకుంటారో ముందు అడిగి, దానికి కింది పాయలోనే స్నానం చేయండి, తడి బట్టలు మోసుకురావడానికి గట్టి గుడ్డ సంచి ఒకటి పెట్టుకోండి. కొండను కాపాడడమంటే చెత్త ఏరుకొని రావడమే అనుకొని పోయినాను. మనం వదిలేది ఏదైనా ఎవరో ఒకరి మీద పడుతుంది, దాన్ని ఎత్తుకునేవాళ్లు ఎవరో చూసినాక వదలడం కష్టం. నాకు ఆ సంగతి అత్త చేతిలోనే తెలిసింది.

పది రోజుల తర్వాత అత్త నా అంగడికి వచ్చింది. పచ్చ చీర ఉతికి, మడతపెట్టి, చంకన పెట్టుకొని. దాన్ని బల్ల మీద పెట్టింది గానీ నన్ను ముట్టుకోనియ్యలేదు, రంగు మాత్రం చూసుకోమంది.

"దీనికి సరిపోయే జాకెట్టు ఒకటి కుట్టు మే. రోజూ కట్టుకుంటా. నా ఒంటి మీద ఉంటే ఇంకెవరి మీదికీ పోదు."