మందకు పాడిన పాట

నా చిన్నప్పుడు, మేము దుబాయ్‌లో, కరామాలో ఉన్న రోజుల్లో, ఒక శుక్రవారం మధ్యాహ్నం అమ్మను ఆసుపత్రికి తీసుకెళ్లారు. కాన్పుకు ఇంకా రెండు నెలలుంది. నాన్న ఎక్కడో రువైస్‌లో, రిఫైనరీ కడుతున్న చోట పనిలో ఉన్నాడు. కబురు అందినా ఇల్లు చేరేసరికి పొద్దుగూకుతుంది. పక్కింటి అక్క అమ్మ వెంట వెళ్లింది. నాకు తొమ్మిదేళ్లు, తమ్ముడికి నాలుగు. మాకు కాపలా మా కాక, అంటే నాన్న తమ్ముడు.

కాక బిల్డింగుల పనిలో ఉండేవాడు. వారానికి ఒక్కరోజు సెలవు. ఆ రోజు మా ఇంట్లో కడుపునిండా తిని నిద్రపోవడానికే వచ్చేవాడు. పాపం, ఆ నిద్రా మా పాలైంది. తమ్ముడు ఏడుపు ఆపడు. ఏం చేయాలో తోచక కాక టీవీ పెట్టాడు. ఏదో పాత ఇంగ్లీషు సినిమా. పెద్ద టోపీ హీరో గుర్రమెక్కి, గిటార్ వాయిస్తూ, ఆవుల మంద చుట్టూ తిరుగుతూ పాడుతున్నాడు. హీరోయిన్ కనుచూపు మేరలో లేదు. అసలే భయంతో ఉన్నానేమో, నాకు ఒళ్లు మండింది. ఈ పిచ్చోడు ఎవరికోసం పాడుతున్నాడని విసుక్కున్నాను.

కాకకు ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు. కానీ దుబాయ్ రాకముందు పదేళ్లు బర్రెలు కాశాడు.

"పసులకే పాడుతుండు బిడ్డా," అన్నాడు, కళ్లు మూతలు పడుతుంటే. "మనిషి గొంతు ఇనబడుతుంటే బెదరయి. పాట మంచిగుండాలని ఏం లేదు."

కాసేపటికి "సినిమా ఖలాస్, ఇగ బువ్వ వండుత" అంటూ వంటింట్లోకి వెళ్లి, అక్కడి నుంచి పాట అందుకున్నాడు. ఎంత దిక్కుమాలిన గొంతో. బియ్యం కడుగుతూ పాడాడు, ఉల్లిగడ్డలు కోస్తూ పాడాడు. నాన్న వచ్చేదాకా అంతే. తమ్ముడు ఎప్పుడో నిద్రపోయాడు. నా భయం పోలేదు గానీ, ఏడవలేదు.

మూడోనాడు అమ్మ ఒట్టి చేతులతో వచ్చింది. గోడవైపు తిరిగి పడుకుంది. ఎవరు పలకరించినా పలకలేదు. నాన్నకు తిరిగి రువైస్ వెళ్లక తప్పలేదు. ఏం మాట్లాడాలో తెలియక, వంటింట్లో గిన్నెలు తోముతూ ఎక్కాలు రాగం తీశాను. పదమూడేడులు తొంభై రెండు అన్నాను.

"తొంభై ఒకటి," అంది అమ్మ, లోపలి నుంచి.

ఇప్పుడు నేనూ అమ్మమ్మనయ్యాను. ఏడాదిగా మా ఆయన మంచం దిగలేదు. ఓదార్పు మాటలు నాకు ఇప్పటికీ రావు, నిజం చెప్పాలంటే ఓపికా లేదు. పక్కగదిలో బట్టలు మడతపెడుతూ ఏదో ఒకటి పాడుతూనే ఉంటాను. ఆపితే, "ఉన్నవా?" అంటాడు.