గూడు తర్వాత

శిడ్లఘట్టలో బస్సు ఆగితే చాలు, పట్టుగూళ్ళు ఉడికే వాసన కిటికీలోంచి లోపలికి కొడుతుంది. పక్కసీటు వాళ్ళు కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంటారు. నాకు మాత్రం సరళ మేడం గుర్తొస్తారు. చింతామణిలో హైస్కూలు పిల్లలకు నేనిప్పుడు జీవశాస్త్రం చెబుతున్నానంటే, పాతపాళ్య దగ్గర మా బడిలో ఆమె చెప్పిన రెండు పాఠాలే కారణం. వాటిలో రెండోది ఆమె చెప్పాలనుకుని చెప్పింది కాదు.

ఆమెకు గోడ పటాల మీద నమ్మకం తక్కువ. మందార పువ్వో, కప్పో, మొలకెత్తిన అలసందో, ఏదో ఒకటి బల్ల మీద ఉంటేగానీ నోరు విప్పేవారు కాదు. తొమ్మిదో తరగతిలో ఒకరోజు పట్టుపురుగు జీవితం బొమ్మ వేయమన్నారు. మా ఇంట్లో ఏడాది పొడవునా పురుగులే. నాకు తెలియనిదేముందని గబగబా వేసేశాను. గుడ్లు, పురుగు, గూడు, ఆఖర్న గూళ్ళను మార్కెట్టుకు మోసే ఆటో. క్లాసంతా దాదాపు అదే వేసింది. నేను ఆటోకు నంబరు కూడా రాశాను.

మేడం నవ్వలేదు. "ఆటో తర్వాత?" అని అడిగారు.

"తర్వాతేముండాది మేడం, నాయన ఇంటికొస్తాడు."

ఆ వారమే ఆమె అడిగితే, నాయనకు చెప్పకుండా ఆరు గూళ్ళు తెచ్చిచ్చాను. చెప్పుల అట్టపెట్టెలో పెట్టి, మూతకు చిల్లులు పొడిచి, కిటికీ పక్కన ఉంచారు. ఒక పొద్దున ప్రార్థన ముగించుకుని వచ్చేసరికి ఒక గూటి కొస తడిసి ఉంది. అందులోంచి తెల్లటి రెక్కల పురుగొకటి పాక్కుంటూ బయటపడి, ఎగరలేక అక్కడే రెక్కలు కొట్టుకుంది. ఇంట్లో ఎప్పుడైనా ఒక గూడు మిగిలిపోయి చిల్లు పడితే అవ్వ చెత్తలో పారేసేది, నిలబడి చూసినవాళ్ళం కాదు. వేడినీళ్ళలో పడేది ఇదేనా?

ఆ రోజు నుంచి నాకు అన్నం సహించలేదు. పురుగులకు ఆకు వేయనన్నాను. "మనం వాటిని ఉడకబెట్టి చంపుతాండాము" అని నాయన ముఖం మీదే అన్నాను. పద్నాలుగేళ్ళ నోరు, పైగా కొత్త చదువు.

మూడో రోజు నాయన బడికొచ్చాడు. తువ్వాలు భుజం మీంచి తీసి చేతిలో పట్టుకుని గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. ఆయన ముఖంలో కోపం కంటే భయమే ఎక్కువ కనిపించింది.

"మేడం, నా బిడ్డ మూడు దినాలుగా ఇంట్లో అన్నం ముట్టలేదు. ఈ పురుగులే మాకు కూడు పెడతాండాయి. మా ఇంటి కూడు దానికి పాపమయ్యేట్ల చేస్తిరి. ఇంక దాన్ని బడికి పంపేదా, వద్దా? మీరే చెప్పండి."

మేడం ఉపన్యాసం మొదలుపెడతారనుకున్నాను. ఆమె కుర్చీలోంచి లేచి, "తప్పు నాదేనప్పా. సగమే చూపించినాను. పాపను పంపండి, మిగతా సగం కూడా చూపిస్తాను" అన్నారు.

శనివారం మమ్మల్ని శిడ్లఘట్టలో దారం తీసే చోటికి తీసుకెళ్ళారు. మా అమ్మ వయసున్న ఒకామె పొగలు కక్కే నీళ్ళలో వేళ్ళు ముంచి, కంటికి ఆనని దారపు కొసను పట్టుకుంటోంది. వేళ్ళ చివర చర్మం తెల్లగా నాని ఊడిపోయింది. నొప్పి లేదా అమ్మా అని అడిగాను. "ఉంటాది పాపా. నా బిడ్డ నీ మాదిరే బడికి పోతాండాది" అంది చెయ్యి తీయకుండానే.

తిరుగు బస్సులో, ఏది సరి మేడం అని అడిగాను. "నాకూ తెలీదు. రెండూ చూసినావు కదా, ఇంక ఒకటే చూసినట్ల మాట్లాడకు" అన్నారు.

ఆ సాయంత్రం నాయన ఒక్కడే ఆకు తరుగుతున్నాడు. పక్కన కూర్చుని రెండో కత్తి అందుకున్నాను. ఆయన తలెత్తలేదు. "తింటివా?" అని మాత్రం అడిగాడు. లేదన్నాను. కత్తి పక్కన పెట్టి, తనే లేచి కంచంలో సంగటి పెట్టుకొచ్చాడు.

ఇప్పుడు మా బడిలో గోడంత తెర ఉంది. వేలితో తాకితే గూడు విచ్చుకుని పురుగు హాయిగా ఎగిరిపోతుంది. అబద్ధం, నిజం పురుగుకు ఎగరడం చేతకాదు. అందుకే నేను గూళ్ళే తెప్పిస్తాను. కాకపోతే ముందు పిల్లల ఇళ్ళకు కబురు చేసి, అమ్మానాన్నలను కూడా బెంచీల మీద కూర్చోబెడతాను. పోయిన నెల పురుగు బయటపడుతుంటే ఒక తండ్రి లేచి ముందుకొచ్చాడు. "ఇన్నేండ్లు దీని కూడు తింటిని మేడం. దీని మొగం ఇప్పుడు చూస్తాండాను" అన్నాడు.

మా నాయన బతికినన్నాళ్ళూ పురుగులు సాకాడు. ఆయన బడి గుమ్మం దగ్గర నిలబడిన రోజు, నువ్వూ లోపలికొచ్చి చూడు నాయనా అనాలని నాకు తోచలేదు.