ఆ రోజు బండి రెండు గంటలు లేటు

మా మావగారు పోయారు. పోయిన నెల ఒక మంగళవారం పొద్దున్న, పక్కనున్న తోర్వా నుంచి పాలమనిషి ఇంకా రాకముందే, మంచం మీదే ప్రాణం విడిచారు. చూడ్డానికి వచ్చినవాళ్ళంతా నన్నడిగింది ఒకటే: "ఎన్ని గంటలకమ్మా?" పంతులుగారైతే నక్షత్రం చూడాలి, నిమిషాలతో సహా చెప్పమన్నారు. "సుమారు తెల్లారేటప్పుడండి" అన్నాను. "రైలు గార్డు చేసిన మనిషి ఇల్లు, గోడకి గడియారం ఉంది, సుమారేటమ్మా!" అని విసుక్కున్నారు. విసుక్కుంటే విసుక్కోనీ. చూడనిది చూశానని చెప్పకూడదని నాకు నేర్పిన మనిషి ఆ మంచం మీదే ఉన్నారు.

నేను ఈ బిలాస్‌పూర్ రైల్వే కాలనీలోనే పుట్టాను, ఇక్కడే కోడలినయ్యాను. కాపురానికొచ్చిన కొత్తలో మావగారిని చూస్తే నవ్వాగేది కాదు. టైమెంతని ఎవరడిగినా నోటితో చెప్పేవారు కాదు. జేబులోంచి గడియారం తీసి వాళ్ళ మొహం ముందు పెట్టి, "నువ్వే చూసుకో బాబూ" అనేవారు. వానొస్తుందా అంటే "రావచ్చు". కూరలో ఉప్పు సరిపోయిందా అంటే "నా నాలిక్కి సరిపోయింది". మా అత్తగారికి ఒళ్ళు మండిపోయేది. "మీ పేరేటండీ? అదైనా గట్టిగా చెప్తారా?" అని ఎకసెక్కెమాడేవారు. ఆయనా నవ్వేసేవారు.

ఒకసారి నా ముక్కుపుడక పోయింది. పనిమనిషే తీసిందని ఇల్లెగిరిపోయేలా అరిచాను. నాకు కోపం ముక్కు మీదుంటుంది, పుడక లేకపోయినా. ఎప్పుడూ గొంతు పెంచని మనిషి లేచి వచ్చారు.

"చూశావా?"

"ఇంకెవరు తీస్తారండీ, ఇంట్లోకొచ్చేది అదొక్కతే."

"నేనడిగింది అది కాదమ్మా. నీ కళ్ళతో చూశావా?"

చూడలేదన్నాను. "అయితే చూడలేదనే చెప్పు" అని వెళ్ళిపోయారు. ఆ ముక్కుపుడక ఈనాటికీ దొరకలేదు. ఆ పనిమనిషి ఈనాటికీ మా ఇంట్లోనే పనిచేస్తోంది.

ఏడాదికోసారి, పంటలు ఇళ్ళకొచ్చే రోజుల్లో, ఉతికిన పంచె కట్టుకుని పొద్దున్నే బండెక్కి, కొన్ని స్టేషన్ల అవతలున్న బిలా అనే ఊరు వెళ్ళేవారు. సాయంత్రానికి తిరిగొచ్చి, ఆ పూట అన్నం తినేవారు కాదు. ఎందుకెళ్ళారంటే చెప్పరు. అక్కడ ఎవరినో ఉంచుకున్నారని మా అత్తగారి అనుమానం. "వెళ్ళొచ్చారా, సుఖంగా ఉందా ఆవిడ?" అనేవారు. ఆయన తలొంచుకునేవారు తప్ప కాదనేవారు కాదు. పాపం, అత్తగారు ఆ అనుమానంతోనే కన్నుమూశారు.

ఆయన మంచాన పడ్డాక ఒక మధ్యాహ్నం నేను గంజి పట్టుకెళ్తే, కూర్చోమన్నారు. అప్పుడు చెప్పారు.

ఆయన గార్డుగా మంచి జోరులో ఉన్నప్పటి మాట. సెషన్సు కోర్టులో ఖూనీ కేసులు నడిచేటప్పుడు ఊళ్ళో పెద్దమనుషుల్ని కొందరిని జడ్జీ దొర దగ్గర కూర్చోబెట్టి, ముద్దాయి తప్పు చేశాడా లేదా అని వాళ్ళ మాట కూడా అడిగేవారు. వాళ్ళని అసెసర్లంటారు. ఒక కేసుకి మా మావగారిని పిలిచారు. కొత్త నల్లకోటు కుట్టించుకుని వెళ్ళారట.

బిలా దగ్గర పల్లెలో దీపాలవేళ, కళ్ళంలో ఉన్న మాల్గుజారుని, అంటే ఆ ఊరి భూస్వామిని, ఎవరో గొడ్డలితో నరికేశారు. అంతకుముందు ఆయనతో తగువుపడ్డ కూలీవాణ్ణి పట్టుకున్నారు. ఆ రోజు వాడు బిలాస్‌పూర్ బజారుకొచ్చి సాయంత్రం ప్యాసింజర్లో వెనక్కెళ్ళాడు. అది అందరూ ఒప్పుకున్నదే. బండి ఐదింటికి బిలా చేరుతుంది, ఊరు అరగంట నడక, కాబట్టి నరకడానికి కావలసినంత వ్యవధి ఉందన్నారు. "బండి ఆలస్యమైంది హుజూర్, నేను దిగేసరికే చీకటి పడిపోయింది" అని వాడు మొత్తుకున్నాడు. స్టేషన్ రిజిస్టరు తెప్పించమని వాడి ప్లీడరు అడగలేదు. జడ్జీ దొర మా మావగారి వైపు తిరిగి, "మీరు ఆ బండి గార్డే కదా, ఎలా నడుస్తుంది?" అన్నాడు.

"రైట్ టైం హుజూర్. నా బండి ఆలస్యమవదు."

కోర్టులో అందరూ మెచ్చుకోలుగా నవ్వారట. వాణ్ణి ఉరి తీశారు.

ఆరేడు నెలలకి క్వార్టరు మారుతుంటే, పెట్టెలో ఆయన రోజూ రాసుకునే చిన్న పుస్తకం దొరికింది. ఊరికే తిరగేశారు. ఆ తారీఖు దగ్గర ఆయన దస్తూరీయే ఉంది: చకర్‌భాటా దగ్గర బోగీ ఇరుసు కాలింది, రెండు గంటలు లేటు. అది బిలాకి ముందొచ్చే స్టేషను. కళ్ళంలో గొడ్డలి పడే వేళకి ఆ మనిషి ఈయన బండిలోనే కూర్చుని ఉన్నాడు.

"అప్పుడు గుర్తు రాలేదేటండీ?" అన్నాను.

"నిజంగానే గుర్తు లేదమ్మా. గుర్తు లేదని చెప్పడానికి సిగ్గేసింది. అంతమంది పెద్దమనుషులు, కొత్త కోటు."

పుస్తకం పట్టుకుని పై దొర దగ్గరికెళ్ళారట. ఆయన చూసి, మూసి, చేతిలో పెట్టి, "పోయినవాడు వస్తాడా? డ్యూటీకెళ్ళు" అన్నాడు. డ్యూటీకెళ్ళారు. "శిక్ష వెయ్యొద్దని నేననను తల్లీ," అన్నారు నాతో. "మనుషులం, పొరబడతాం. తప్పు లైన్లోకెళ్ళిన బండిని బ్యాక్ చేసుకోవచ్చు. ఉరి తీసినవాణ్ణి ఏ ఇంజను వెనక్కి లాగుతాది?"

ఏటేటా బిలా వెళ్ళింది అందుకే. ఆ ఇంటికెళ్ళి నిజం చెప్పాలని. వాకిలి కనిపించేదాకా నడిచి వెనక్కొచ్చేసేవారు. "నే పోయాక నువ్వెళ్ళి చెప్పు. నీకు వాళ్ళ భాష వచ్చు. కోపమున్న మనిషివి, భయపడవు."

నాకు నిజంగానే కోపమొచ్చింది. "ఇన్నేళ్ళూ నోట్లో బెల్లంగడ్డ పెట్టుకుని, ఇప్పుడు నన్నెళ్ళమంటారా? మీరే పదండి, బండి కట్టిస్తాను" అన్నాను.

"కాళ్ళు లేవమ్మా."

"మొన్నటిదాకా ఉన్నాయి కదండీ!"

ఆయన గోడవైపు తిరిగి పడుకున్నారు. ఆ మాట నేను అనకుండా ఉండాల్సింది. గంజి తాగలేదు. ఆ తరవాత మళ్ళీ ఆ ఊసెత్తలేదు.

పెద్దకర్మ అయిన మర్నాడు ఆయన పెట్టెలోంచి ఆ చిన్న పుస్తకం తీసి కొంగున కట్టుకుని బయల్దేరాను. మా ఆయన అడ్డం నిలబడ్డారు. "నాన్న పేరు బజార్న పెడతావా? వినేవాళ్ళు ఏటనుకుంటారు?" "నిజమనుకుంటారు" అన్నాను. తప్పుకున్నారు. ఇప్పుడిది రాస్తున్నానని కూడా ఆయనకి తెలుసు.

ఆ పల్లెలో దారి అడిగితే ఎవరూ ఆ ఇంటిపేరు చెప్పలేదు. "ఫాంసీవాళ్ళ ఇల్లా?" అన్నారు. ఉరిపడ్డవాడి ఇల్లని. అతని భార్య ఇంకా ఉంది. ముసలావిడ, ముసుగు గడ్డందాకా దించుకుని వాకిట్లో మినుములు చెరుగుతోంది. నేను నిలబడే చెప్పేశాను, కూర్చుంటే చెప్పలేనని. "ఆ రోజు బండి రెండు గంటలు లేటు. మీ ఆయన బండిలోనే ఉన్నాడు. వేళకొచ్చిందని కోర్టులో చెప్పింది మా మావగారు. అది తప్పు. ఆయన పోయారు."

ఏడుస్తుందనుకున్నాను. తిడుతుందనుకున్నాను, మొహాన ఉమ్మేసినా పడదామనుకున్నాను. ఆవిడ చేట కింద పెట్టింది.

"ఫేర్ కహ్" అంది. మళ్ళీ చెప్పు.

మళ్ళీ చెప్పాను. అప్పుడు నా మణికట్టు పట్టుకుంది. ఆ బక్కచేతికి అంత బలం ఎక్కడిదో! పక్కింటికి లాక్కెళ్ళి, వాళ్ళందర్నీ బయటికి పిలిచి, "ఫేర్ కహ్" అంది. చెప్పాను. ఆ పక్కింట్లో చెప్పాను. తన కొడుక్కి పిల్లనివ్వం పొమ్మన్నవాళ్ళ ఇంట్లో, బావిలో చేద వెయ్యొద్దన్నవాళ్ళ ఇంట్లో, మిట్టమధ్యాహ్నం ఎండలో ఇంటింటికీ అదే మాట చెప్పాను. నాలుగో ఇంటి దగ్గర నా గొంతు పోయింది. ఆవిడ నీళ్ళిప్పించి, తాగేదాకా నిలబడి, మళ్ళీ చెయ్యి పట్టుకుంది.

వీధి చివర పెద్ద తలుపుల ఇల్లు. చనిపోయిన మాల్గుజారుది. ఆవిడ ఆ మెట్ల దగ్గర ఆగింది, ఊపిరి తీసుకుంది. నా చెయ్యి వదిలి, ముసుగు పూర్తిగా వెనక్కి తోసేసి, మెట్లెక్కి తలుపు తనే కొట్టింది.