ఉస్తాద్ అహ్మద్ అలీ కుడికాలు

దోహాలో మా తెలుగువాళ్ళలో చాలామందికి డ్రైవింగ్ వచ్చిందంటే ఆ పుణ్యం అహ్మద్ అలీ ఉస్తాద్ కుడికాలిది. డ్రైవింగ్ స్కూలు కార్లలో పక్క సీటు కింద కూడా ఒక బ్రేకు ఉంటుంది. నేర్చుకునేవాళ్ళు స్టీరింగ్ పట్టుకుని చెమటలు కక్కుతుంటే, ఉస్తాద్ పక్కన కూర్చుని ఆ బ్రేకు మీద కాలు వేసుకుని ఉంటాడు. ఆర్మూరు దగ్గర పల్లె నుంచి వచ్చి ఇరవై ఏళ్ళకు పైగా ఆయన చేసిన ఉద్యోగం అదే.

నేను స్కూల్లో సైన్సు టీచర్ని. నా గొంతు విన్నారంటే తొమ్మిదో తరగతి మగపిల్లలు కూడా కుక్కిన పేనుల్లా కూర్చుంటారు. అలాంటి నేను రౌండబౌట్ చూస్తే గడగడ వణికేదాన్ని. వెనక నుంచి ల్యాండ్‌క్రూజర్లు లైట్లు కొడుతుంటే కళ్ళు మూసుకునేదాన్ని, స్టీరింగ్ పట్టుకునే మూసుకునేదాన్ని. డ్రైవింగ్ టెస్టు తప్పడంలో నాకున్నంత అనుభవం ఖతర్ మొత్తంలో ఇంకెవరికీ ఉండదు. అయినా ఉస్తాద్ ఒక్కసారీ విసుక్కోలేదు. కారు ఎటు దూకినా ఆయన కుడికాలు మెత్తగా నొక్కేది, కారు ఆగేది.

"భయపడకు చెల్లె, బ్రేక్ నా దగ్గరున్నది. నువ్వు నడుపు" అనేవాడు.

ఆ మాట పట్టుకునే నేను లైసెన్సు తెచ్చుకున్నాను. అప్పటినుంచి ఆయన నాకు అన్నయ్య, ఆయన భార్య రాబియా నాకు వదిన. అల్ ముంతజాలో వాళ్ళ రెండు గదుల ఫ్లాట్‌లో వదిన ఆఫీసులకు లంచ్ బాక్సులు వండి పంపిస్తుంది. ఆవిడ బగారా అన్నం కోసం మావారు కృష్ణప్రసాద్ ఏ శుక్రవారమైనా ఏ పనైనా మానేస్తారు. తణుకు మనిషి, అన్నం దగ్గర మొహమాటం లేదు.

అలాంటి ఒక శుక్రవారమే అన్నయ్య చెప్పాడు, వేసవి అయిపోగానే ఉద్యోగం చాలించి ఇంటికి పోతున్నామని. కొడుకు నిజామాబాద్‌లో ఇల్లు కట్టాడట. మేం సంతోషించాలో ఏడవాలో తెలియక ప్లేట్లలోకి చూస్తూ కూర్చున్నాం. ఆయన మాత్రం ఇంకేదో ఆలోచిస్తున్నాడు.

"ఇన్నేండ్లు కార్లనే బతికిన గానీ ఎక్కడికీ పోలె, చెల్లె. వేలెడంత దేశం. ఇటు పోతే అల్ రువైస్‌ల సముద్రం, అటు పోతే అబూ సమ్రల బార్డర్. యూటర్న్ కొట్టుడే అయింది బతుకంత."

"ఉమ్రాకు మక్కా పోలేదా?" అంది వదిన.

"బస్సుల పోయినం గదా. నేను నడిపిన్నా?"

ఎప్పుడో ఆయన దగ్గర నేర్చుకున్న ఒక రష్యన్ ఇంజనీరు అన్నాడట, మా దేశంలో వారం నడిపినా రోడ్డు అయిపోదు అని. ఆ మాట ఆయన మనసులో ఉండిపోయింది. అయిపోని రోడ్డు మీద ఒక్కసారి తన చేత్తో నడపాలి, అంతే ఆయన కోరిక. మావారికి ఎవరైనా కోరిక చెబితే ఆగదు, టికెట్లు చూసేస్తారు. చెయ్యి కడుక్కోకుండానే ఫోన్ తీశారు. మాస్కో దాకా విమానం, అక్కడ అద్దెకారు, బైకాల్ సరస్సు దాకా రోడ్డు, కారు అక్కడే అప్పగించి వెనక్కి విమానం.

"ఈ రోజుల్లో రష్యా ఏమిటే, టీవీ చూడటం లేదా?" అని మా అమ్మ ఫోన్లో శోకాలు పెట్టింది. యుద్ధం ఒక దిక్కు, మేం వెళ్ళేది ఇంకో దిక్కు అని నెత్తీ నోరూ బాదుకుని చెప్పాను. అన్నయ్య వాళ్ళ తమ్ముడైతే ఆర్మూరు నుంచి గట్టిగానే తగులుకున్నాడు. ఊరివాళ్ళకి గల్ఫ్ అంతా దుబాయే. "దుబాయ్ నుంచి సీదా ఇంటికి రాక, నడుమ రష్యా ఏందన్నా నీకు?"

జూలైలో బయలుదేరాం. మాస్కో శివార్లలో కారు తీసుకున్నాక తాళంచెవి నేనే అన్నయ్య చేతిలో పెట్టాను. బిస్మిల్లా అన్నాడు. అద్దాలు సర్దాడు, సీటు సర్దాడు, మళ్ళీ అద్దాలు సర్దాడు. కారు కదిలింది. నలభై మీద కదిలింది, నలభై మీదే ఉండిపోయింది. వెనక లారీలు బారులు తీరి హారన్లు మోగిస్తున్నాయి. అన్నయ్య మాటిమాటికీ పక్క సీటు కింద నా కాళ్ళకేసి చూస్తున్నాడు. గంట తిరక్కుండానే పెట్రోలు బంకులోకి తిప్పి ఆపేశాడు.

"నాతోని కాదు, చెల్లె."

"ఏమైందన్నయ్యా?"

"ఆడ బ్రేక్ మీద ఎవ్వరు లేరు" అన్నాడు, నా సీటు చూపించి.

నాకు నవ్వొచ్చింది. పక్కున నవ్వేశాను కూడా. తర్వాత ఆయన మొహం చూసి నోరు మూసుకున్నాను.

"ఊర్ల అందరు నన్ను డ్రైవర్ అలీ అంటరు. నేను డ్రైవర్నే కాదు చెల్లె. ఇరవై ఏండ్ల సంది నేను ఆపెటోణ్ణి. నడిపెటోడు ఎప్పుడూ ఇంకొకడు." ఆయన కళ్ళలో నీళ్ళు. "ఈ రోడ్డు మీద గూడ నడపకపోతే ఇంక ఎప్పుడు నడుపుత?"

మావారు హైవే ఎక్కారంటే కునుకు తీస్తారు, కాబట్టి ఆయనకి స్టీరింగ్ ఇచ్చే ప్రశ్నే లేదు. వదినకి డ్రైవింగ్ రాదు. ఇంకెవరున్నారు? టెస్టు తప్పడంలో ఘనాపాఠిని, నేనే సైబీరియా వైపు కారు తోలాను. తల్చుకుంటే ఇప్పటికీ నాకే నమ్మకం కలగదు.

అన్నయ్య పక్క సీట్లోకి మారగానే మళ్ళీ ఉస్తాద్ అయిపోయాడు. "మిర్రర్... ఇండికేటర్... షోల్డర్ చూడు... యల్లా." యల్లా అంటే అరబ్బీలో పద అని. చెవిలో జోరీగ. పైగా నేను కాస్త వేగం పెంచితే చాలు, కుడికాలితో కింద మ్యాట్‌ని ధన్‌మని తొక్కుతాడు. అక్కడ బ్రేకు లేదని ఆయనకి తెలుసు, కాలికి తెలియదు. కజాన్ దాటేసరికి ఆ మ్యాట్ ముడతలు పడిపోయింది. ఉఫా దగ్గర నేను లారీని దాటబోతుంటే ఏకంగా స్టీరింగే పట్టుకున్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. కారు పక్కకి ఆపి దిగి, ఆ అడవిలో నిలబడి అరిచాను.

"మీరు నడపరు! నన్ను నడపనివ్వరు! ఇదెక్కడి గోల అన్నయ్యా?"

ఆయన తల దించుకున్నాడు. వెనక సీట్లోంచి వదిన తన మోకాలు తడుముకుంటూ అంది, "నీకు పగటిపూటనే సుబ్బూ. నాకు నిద్రల గూడ ఇదే. ఇట్ల తొక్కుతడు. నా కాళ్ళు చూడు, ఎట్ల కమిలినయో." మావారు నవ్వాపుకోలేక కిటికీ వైపు తిరిగిపోయారు. కాసేపటికి నాకూ నవ్వొచ్చేసింది, అన్నయ్యకీ వచ్చింది.

నవ్వులకేం తక్కువ లేదు ఆ ప్రయాణంలో. వదిన చిన్న రైస్ కుక్కర్ తెచ్చింది. ప్రతి బసలోనూ కారప్పొడి ఘాటుకి పక్క గదులవాళ్ళు తుమ్ముతూ బయటికొచ్చేవారు. రోడ్డుకి రెండు వైపులా తెల్లటి బెరడున్న చెట్లు, రోజంతా అవే. చెట్టన్నది వెతుక్కోవాల్సిన దేశం నుంచి వెళ్ళామేమో, మొదటి రెండు రోజులూ ఫోటోలు తీస్తూనే ఉన్నాం. తర్వాత ఎవరూ ఫోన్ తీయలేదు. రోడ్డు మాత్రం నిజంగానే అయిపోవడం లేదు. రోజూ పొద్దున్నే నేను తాళంచెవి చాపేదాన్ని. "రేపు, ఇన్షా అల్లా" అనేవాడు అన్నయ్య. ఓమ్స్క్ పోయింది, నోవోసిబిర్స్క్ పోయింది, క్రాస్నోయార్స్క్ కూడా పోయింది. ఇక బైకాల్ రెండు రోజుల దూరం. ఎంత పెద్ద రోడ్డయినా ఇలా రేపు రేపు అంటూ పోతే అయిపోదూ? ఆయన మీద జాలి కంటే కోపమే ఎక్కువ వచ్చేది నాకు. ఆ కోపం కూడా ప్రేమతోనే అని ఆయనకి తెలుసు.

ఆ రోజు పొద్దుటి నుంచీ ముసురు. మధ్యాహ్నం దాటుతున్నా టీ చుక్క దొరకలేదు. చివరికి ఒక పల్లె వచ్చింది. నీలంరంగు కిటికీల చెక్క ఇంటి గోడ మీద, వెలిసిపోయిన బొమ్మ ఒకటి, టీ కెటిల్‌ది.

"చాయ్ కొట్టే!" అన్నారు మావారు, ప్రాణం లేచొచ్చి.

కారు ఆపాను. అన్నయ్య అలవాటుగా గుడ్డ తీసుకుని దిగి ముందు అద్దం తుడవడం మొదలుపెట్టాడు. ఇంతలో మావారు వెనక నుంచి ముందుకి వంగి హారన్ మోగించారు, రెండుసార్లు. దోహాలో అంతే కదా మరి. చాయ్ కొట్టు ముందు కారాపి హారన్ కొడితే గ్లాసు కిటికీ దగ్గరికొస్తుంది. దిగి లోపలికెళ్ళి టీ అడగాలన్న సంగతి మేమందరం ఎప్పుడో మర్చిపోయాం.

తలుపు తెరుచుకుంది. టీ రాలేదు. తలకి పూలరుమాలు, వంటి మీద కోటు, చేతిలో గుడ్డ కట్టిన బకెట్‌తో ఒక ముసలావిడ గబగబా వచ్చింది. ముందు తలుపు లాగి అన్నయ్య సీట్లో కూర్చుని, బకెట్ ఒళ్ళో పెట్టుకుని, బెల్టు కూడా పెట్టేసుకుంది. రష్యన్‌లో ఏదో తిట్టడం మొదలుపెట్టింది, మమ్మల్నే.

మావారు హడావిడిగా ఫోన్లో అనువాదం చేసే యాప్ తెరిచారు. ఫోన్ తెలుగులో చదివింది: "ఎంత ఆలస్యం! పొద్దుటి నుంచి తయారై కూర్చున్నాను. మేనల్లుడు పంపిన కారు మీదే కదా?"

కాదమ్మా, మేం టీ కోసం ఆగాం, మాది ఖతర్ అని చెప్పించాం. ఆవిడ శ్రద్ధగా విని, బైకాల్ వైపు చెయ్యి చూపించి ఏదో అడిగింది.

"మీరు వెళ్ళేది ఆ దిక్కుకేనా?" అంది ఫోన్.

"ఆ దిక్కుకే."

"అయితే గొడవేముంది? మా అమ్మాయి ఊరు దారిలోనే."

"పెద్దమనిషి, కూసోనియ్" అంది రాబియా వదిన. "మనకేం బరువు?"

నేను అద్దంలోంచి అన్నయ్యని చూశాను. గుడ్డ చేత్తో పట్టుకుని వానతుంపరలో నిలబడి, పోయిన తన సీటుకేసి చూస్తున్నాడు. అంతే, నా బుర్రలో దీపం వెలిగింది. గబుక్కున దిగి, తాళంచెవి ఆయన చేతిలో కుక్కి, వెనక తలుపు తీసి మావారిని అవతలికి నెట్టి కూర్చున్నాను. వెనక ముగ్గురం ఇరుక్కున్నాం. కారులో ఇక ఒక్కటే సీటు ఖాళీ.

"చెల్లె, గిది మంచిగ లేదు."

"నాకు భుజాలు పట్టేశాయి అన్నయ్యా" అన్నాను. పచ్చి అబద్ధం.

"బావా, నువ్వన్న చెప్పు."

"నేను నడిపితే నిద్రపోతానుగా, ఉస్తాద్" అన్నారు మావారు, బంగారంలాంటి మనిషి.

ముసలావిడ డాష్‌బోర్డు మీద అరచేత్తో చరిచింది. "దవాయ్, దవాయ్!"

దానికి ఫోన్ అవసరం లేకపోయింది. అన్నయ్యకి నవ్వొచ్చింది. "ఈమె గూడ యల్లా అనబట్టె!" అంటూ ఎక్కి కూర్చున్నాడు.

మళ్ళీ నలభై. ఆవిడ ఆపకుండా మాట్లాడుతోంది, ఈయన "హా అమ్మా, హా" అంటున్నాడు. వెనక మేం ముగ్గురం ఊపిరి బిగబట్టి కూర్చున్నాం. వదిన పెదాలు దువా చదువుతున్నాయి. కాసేపటికి ముందు నుంచి మాటలు ఆగిపోయాయి. సన్నగా గురక మొదలైంది.

"పండుకున్నదా?" అన్నాడు అన్నయ్య.

"హాయిగా" అన్నాను.

ఆయన ఒకసారి ఆవిడ కాళ్ళకేసి చూశాడు. రబ్బరు బూట్లు రెండూ మ్యాట్ మీద చెరోవైపు పడి ఉన్నాయి. తర్వాత మెల్లగా అన్నాడు, "ఇన్నేండ్లల్ల నా పక్కన కూసున్నోళ్ళెవ్వరు నిద్రపోలె, చెల్లె. అందరు వణికెటోళ్ళే. ఈమెకు భయం లేదు చూడు."

ముల్లు యాభై దాటింది. అరవై. ఎనభై. ముందు ఒక కట్టెల లారీ నింపాదిగా పోతోంది. "మిర్రర్" అన్నాడు అన్నయ్య, తనకి తనే. "ఇండికేటర్. షోల్డర్ చూడు." ఒక్క క్షణం ఆగాడు. "యల్లా." లారీ మా కుడిపక్కనుంచి వెనక్కి పోయింది. వదిన నా చెయ్యి పట్టుకుని గట్టిగా నొక్కింది. ఇద్దరం ఏడుస్తున్నాం, నవ్వుతున్నాం. మావారైతే చప్పట్లు కొట్టేవారే, ముసలావిడ లేస్తుందని చెయ్యి పట్టి ఆపాను.

ఆవిణ్ణి కూతురి వాకిట్లో దింపాం. బకెట్ మీద గుడ్డ తీసి, అడవిపళ్ళ జామ్ సీసా ఒకటి అన్నయ్య చేతిలో పెట్టింది. రెండు బుగ్గలూ నిమిరి ఏదో చెప్పింది. ఫోన్ తెలుగులో చదివింది: "చక్కగా నడిపావు, డ్రైవరూ. నాకు నిద్ర పట్టేసింది."

అన్నయ్య ఆ మాట ఇంకోసారి చెప్పించుకున్నాడు.

నేను తాళంచెవి కోసం చెయ్యి చాపేలోపే ఆయన వెళ్ళి స్టీరింగ్ ముందు కూర్చున్నాడు. నేను పక్కన కూర్చున్నాను. వాన జోరందుకుంది. రోడ్డు వంపు తిరిగింది, ఎదురుగా లారీ, దాని వెనక ఇంకో లారీ. నా కుడికాలు నన్నడక్కుండానే మ్యాట్‌ని ధన్‌మని తొక్కింది.

"చెల్లె" అన్నాడు అన్నయ్య, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా. "కాలు తియ్. ఆడ బ్రేక్ మాఫీ, లేనే లేదు."

"మరి?"

"బ్రేక్ నా దగ్గరున్నది. నువ్వు పండుకో."

చెప్పులు విప్పి, కాళ్ళు రెండూ సీటు మీదికి ముడుచుకుని కళ్ళు మూసుకున్నాను. లేచేసరికి రెండు ఊళ్ళు దాటిపోయాయి. బైకాల్ దాకా ఆ తాళంచెవి మళ్ళీ నా చేతికి రాలేదు.