ఎనభై గజాల ఖమరున్నీసా

నేను దస్తావేజులు రాసేవాణ్ని. పేరు వెంకటనారాయణ, ఊరందరికీ రైటర్ సాబ్‌ని. రిజిస్ట్రేషన్ ఆఫీసుకు ఎదురుగా రేకుల షెడ్డు, ఒక టేబుల్, ఇప్పుడు ఒక కంప్యూటరు. ముప్పై రెండేళ్లుగా ఇదే పని. నాకు కోపం ఎక్కువని బజారంతా చెప్పుకుంటారు. నిజమే. తన భూమికి నాలుగు దిక్కులా ఏముందో తెలియకుండా వచ్చి కాగితం రాయమనేవాణ్ని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

ప్రతి దస్తావేజు చివరా ఒక మాట ఉంటుంది: ‘ఎవరి బలవంతమూ, ప్రోద్బలమూ లేకుండా, నా ఇష్టపూర్వకంగా రాసి ఇచ్చినది.’ ఈ మాట కొన్ని వేలసార్లు రాసి ఉంటాను. లోపల రిజిస్ట్రారు కూడా అదే అడుగుతారు. జనం తల ఊపుతారు, ఫోటో దిగుతారు, వేలిముద్ర వేస్తారు, బయటికి వచ్చి చెరుకురసం తాగుతారు. అది నిజంగా ఒక ప్రశ్న అనీ, దానికి రెండు జవాబులు ఉంటాయనీ నాకు తెలియజెప్పిన మనిషి ఒక్కతే. బొంతలు కుట్టే ఖమరున్నీసా.

మా ఊరికి తూర్పున కల్వర్టు దాటితే ఏజెన్సీ. టేకు అడవి కూడా అక్కడి నుంచే చిక్కబడుతుంది. ఖమరున్నీసా అటువైపు మనిషి. చండ్రుగొండలో కాపురం. భర్త అహ్మద్ పాషా దూది ఏకేవాడు, ఈమె పరుపులు, బొంతలు కుట్టేది. ఇద్దరూ మోపెడ్ మీద బూర్గంపాడు దాకా పోయి, దొరికిన అరుగు మీద కూర్చుని, ఆ ఇంటివాళ్ల పాత చీరలతోనే బొంత కుట్టి ఇచ్చి వచ్చేవారు. ఏజెన్సీలో భూమి గిరిజనులది, వేరేవాళ్ల పేరున రాయడానికి లేదు. న్యాయమైన చట్టమే అది. దొంగదారిన రాసిపెట్టమని నా దగ్గరికి వచ్చినవాళ్లను తిట్టి పంపించాను కూడా. అందువల్ల వీళ్లది మొదటి నుంచీ కిరాయి బతుకు. పెళ్లయ్యాక పందొమ్మిది ఇళ్లు మారారట. ఏ ఇల్లు ఎక్కడ ఉందో మరిచిపోయినా, ఏ ఓనరు దేనికి వద్దన్నాడో మాత్రం ఆమె వరసగా చెప్పేది.

“గోడకు మేకు కొట్టాలంటే అడగాలె రైటర్ సాబ్. చుట్టం నాలుగొద్దులు ఎక్కువుంటే చెప్పాలె. బట్టలు ఆరేసే తీగ ఎక్కడ కట్టాల్నో గది గూడ ఆళ్లే చెప్తరు” అనేది. ఫిర్యాదులా కాదు, వాన పడిందని చెప్పినట్టు చెప్పేది.

అహ్మద్ పాషా దవాఖానాలో చనిపోయినప్పుడు ఓనరు గేటు దగ్గరే ఆపేశాడు. కిరాయి ఇంట్లోకి శవాన్ని రానివ్వకపోవడం మా వైపు కొత్తేమీ కాదు. ఇంటికి అరిష్టమని భయం. మంచి మంచివాళ్లే అట్లా అంటారు. బయట ముసురు పట్టింది. రోడ్డు పక్కన టార్పాలిన్ కట్టి దాని కింద పడుకోబెట్టారు. మసీదు నుంచి పెద్దలు వచ్చి స్నానం చేయించేటప్పుడు మరుగు కావాలి కదా. ఇరుగుపొరుగువాళ్లు తమ తమ ఇళ్లలోంచి బొంతలు తెచ్చి చుట్టూ పట్టుకున్నారు. అన్నీ ఆమె కుట్టినవే. తడిసి బరువెక్కిన ఆ బొంతలను చూస్తూ నిలబడిందట ఆమె. ఈ సంగతి చెప్పినప్పుడు నేను తల ఎత్తలేకపోయాను.

తరవాత ఏడేళ్లు కూడబెట్టి, కల్వర్టుకు ఇవతల మా ఊళ్లో ఎనభై గజాల జాగా, దాని మీద రెండు గదుల రేకుల ఇల్లు కొన్నది. దస్తావేజు నేనే రాశాను. ఉర్దూలో మెల్లగా, ఒక్కొక్క అక్షరం దిద్దుతూ సంతకం చేసింది. నాలుగో రోజు పొద్దున్నే నా షెడ్డుకు వచ్చి, “జాగా తక్కువున్నది, వచ్చి చూడున్రి” అంది.

నాకు చిర్రెత్తింది. ఎనిమిది గజాల వెడల్పు, పది గజాల పొడవు, కాగితం మీద నేను రాసిన కొలత. వెళ్లి చూద్దును కదా, ఆమె నేల మీద మోకరిల్లి, మోచేతి నుంచి వేళ్ల కొసదాకా ఆనించి మూర మూరగా కొలుస్తోంది. నలభై ఏళ్లు గుడ్డ కొలిచిన చెయ్యి అది. మొత్తం నేలంతా అట్లాగే కొలిచిందట. వీధిలోవాళ్లు నవ్వుతున్నారు. “ఈ పక్క ఇరవై మూరలు రావాలె. పందొమ్మిదే వచ్చినయి” అంది. టేపు తెప్పించి పట్టాను. సరిగ్గా ఒక మూర, అంటే అర గజం తక్కువ.

పక్కింటి రాందాస్ ఆటో నడుపుతాడు. ఆ పక్కన ఉన్నది వాళ్ల నాన్న ఎప్పుడో పాతిన హద్దురాయి. అతను టేపు వైపు చూడలేదు, మట్టి అంటిన ఆమె మోచేయి వైపు చూశాడు. “నేను జరిపింది గాదమ్మా. ఉండాల్సినకాడికి జరుపుత” అని గడ్డపార తెచ్చి రాయి పెకలించి అర గజం అవతల పాతాడు. ఆమె లోపలికి పోయి, ఒక మేకు తెచ్చి నడిమింటి గోడకు కొట్టింది. తగిలించడానికి ఏమీ లేదు. ఊరికే కొట్టింది. కొట్టి, కాస్త దూరం జరిగి చూసుకుంది. నేను కూడా ఆ ఉత్త మేకును అంతసేపు ఎందుకు చూశానో నాకే తెలియదు.

ఇదంతా ఒక ఎత్తు. కొడుకు దానిష్ ఆమెను నా దగ్గరికి తీసుకొచ్చిన రోజు ఒక ఎత్తు.

దానిష్ మొబైల్ షాపులో పని చేసేవాడు. సొంత షాపు పెట్టాలని. బ్యాంకు లోనుకు ఇల్లు తన పేరున ఉండాలని చెప్పారట. తల్లి గిఫ్టు డీడ్ రాసిస్తే సరిపోతుంది. చెడ్డ పిల్లవాడు కాదు. తల్లికి కుర్చీ తుడిచి వేశాడు. ఆమె పొద్దుటి నుంచీ ఏమీ మాట్లాడలేదు. నేను కూడా అడగలేదు. పైగా, “కొడుకుకే గదమ్మా, పరాయివాళ్లకా?” అన్నాను. ఆ మాట ఇప్పటికీ నాకు ముల్లులా గుచ్చుకుంటుంది. చివరి వాక్యం కూడా టైపు చేసి, ప్రింటు తీసి, లోపలికి తీసుకెళ్లాను.

రిజిస్ట్రారు మేడం కాగితం మీంచి తల ఎత్తకుండానే అడిగారు. “మీ ఇష్టపూర్వకంగానే రాసిస్తున్నారా?”

“లేదు మేడం” అంది ఖమరున్నీసా.

మేడం తల ఎత్తారు. కెమెరా దగ్గర కూర్చున్న ఆపరేటరు ఇటు తిరిగాడు. 

“ఎవరైనా బలవంతం చేశారా?”

“బలవంతం ఎవ్వరు చేయలె. నా కొడుకు బతిమిలాడిండు, వచ్చిన. ఈ సారు రాసిండు, కూసున్న. ఇష్టమేనా అని ఇప్పటిదాంక ఎవ్వరడగలె. మీరే మొదలు అడిగిండ్రు. గందుకే చెప్తున్న. నాకు ఇష్టం లేదు.”

గొంతు పెంచలేదు. ఏడవలేదు. మేడం కాగితాలు సర్ది తన చేత్తోనే ఆమెకు తిరిగి ఇచ్చారు. ఆ ఆఫీసులో అట్లా కాగితాలు వెనక్కి ఇవ్వడం నేను అంతకుముందు చూడలేదు. పదెకరాలు, ఇరవై ఎకరాలు ఉన్న మగవాళ్లను చూశాను నేను. మనసులో ఏముందో నోట పెట్టలేక, అన్నదమ్ములకు జడిసి, తల ఊపి సంతకం చేసి వెళ్లిపోయినవాళ్లు. ఎనభై గజాల మనిషి ఆ ఒక్క మాట చెప్పింది.

బయట దానిష్ ముఖం ఎర్రబడింది. “గింతమందిల నా ఇజ్జత్ తీసినవ్ అమ్మీ. నా మీద నమ్మకం లేదా నీకు?”

“నమ్ముత బేటా. నువ్వు మంచోనివే. రేపు నేనేదన్న అడిగితే కాదనవు. గానీ అడగాలె గదా. పందొమ్మిది ఇండ్లల్ల అడిగిన. ఇగ నాతోని కాదు.”

వాడు విసురుగా వెళ్లిపోయాడు. భార్య ఫరహాను తీసుకుని పక్క వీధిలో కిరాయికి దిగాడు. చిన్న షాపు కూడా కిరాయికే పెట్టాడు. నాలుగు నెలలు తల్లి గడప తొక్కలేదు. ఆ నాలుగు నెలలూ ఆమె తిండి సరిగా తినలేదని రాందాస్ భార్య చెప్పింది. అయినా కాగితం మాట ఎత్తలేదు. అయిదో నెలలో ఒక మధ్యాహ్నం వాడే వచ్చాడు. ఓనరు తలుపు రంగు విషయంలో ఏదో అన్నాడట. చొక్కా విప్పి ఆ నడిమింటి మేకుకు తగిలించి, “అమ్మీ, అన్నం పెట్టు” అన్నాడు. ఆమె పెట్టింది. వాళ్లిద్దరి మధ్య అంతకుమించి సంజాయిషీలు ఏమీ జరగలేదు.

ముందు గదిని ఆమె ఆంథోని, విశ్రాంతమ్మ అనే దంపతులకు కిరాయికి ఇచ్చింది. ఆంథోని స్కూలు బస్సు డ్రైవరు, విశ్రాంతమ్మ హాస్టల్లో వంట చేస్తుంది. పోయిన చలికాలం నేను బొంత కోసం వెళ్లాను. మా ఆవిడ పాత చీరలు ఇచ్చి నెల దాటింది, నాకు కోపంగా ఉంది. ఖమరున్నీసా నడిమింట్లో కూర్చుని నా బొంతకే అంచు కుడుతోంది. ఫరహాకు నెలలు నిండాయి, గోడకు ఆనుకుని ఉంది. దానిష్ గుమ్మంలో ఉన్నాడు. అప్పుడు ఫోన్ మోగింది. చేతిలో సూది ఉండటంతో స్పీకరు పెట్టింది.

విశ్రాంతమ్మ దవాఖానా నుంచి చేస్తోంది. పొద్దున బస్సు దిగుతూనే ఆంథోని గుండె పట్టుకుని కూలబడ్డాడు. పోయాడు. ఆ మాట చెప్పి ఆమె ఏడ్చింది. తరవాత గొంతు చిన్నది చేసి, “అమ్మా... చర్చి కాడ షెడ్డు ఖాళీ లేదంట. అంబులెన్సుల ఉన్నం. ఇంటికి... ఒక్క గంట తీస్కరావచ్చునా అమ్మా?” అని అడిగింది.

దానిష్ ఫరహా కడుపు వైపు చూశాడు. ఏదో అనబోయాడు. వాడి పెదవులు కదలడం నేను చూశాను.

ఖమరున్నీసా ఎవరి వైపూ చూడలేదు. “అడుగుడేంది విశ్రాంతమ్మా” అంది. “నీ ఇంటికే గదా. తీస్కరా. గంట గాదు, రేపు మట్టి అయ్యేదాంక ఉంచు.”

ఫోన్ పెట్టి, దారం పళ్లతో తెంపి, నా బొంత మడిచి నా ఒళ్లో పెట్టింది. తరవాత లేచి నడిమిల్లు ఊడ్చింది. ముందు గదిలో కాదు, నడిమింట్లోనే చోటు చేసింది, వచ్చేపోయేవాళ్లకు వీలుగా ఉంటుందని. దానిష్ దూది మూటలు దొడ్లోకి మోశాడు. రాందాస్ ఆటో తీసి దారికి అడ్డం లేకుండా పెట్టాడు. ఆంథోనిని లోపలికి తెస్తున్నప్పుడు గుమ్మం దగ్గర ఆమె చున్నీ తల మీదికి లాక్కుని, రెండు తలుపులూ బార్లా తెరిచి పట్టుకుంది. విశ్రాంతమ్మ గడప దాటుతూ ఆమె చెయ్యి పట్టుకుంది. ఫాదర్ గారు వచ్చి ప్రార్థన మొదలుపెట్టారు. 

నేను బొంత చంకలో పెట్టుకుని బయట గోడ పక్కన నిలబడ్డాను. ఎన్ని వేల ఇళ్లు రాశాను నేను, గజాలతో, హద్దులతో, సర్వే నంబర్లతో. ఇల్లు ఒకరిది కావడమంటే ఏమిటో అప్పుడు చూశాను. చేతులు జోడించాలనిపించింది, సిగ్గేసి ఊరుకున్నాను.

కాసేపటికి దానిష్ వచ్చి నా పక్కన నిలబడ్డాడు. చేతులకు ఇంకా దూది అంటుకుని ఉంది.

“సార్” అన్నాడు. “ఆ రోజు అమ్మీ సంతకం పెట్టి ఉంటే, విశ్రాంతమ్మ నన్నే అడుగుతుండె గదా.”

“అవ్” అన్నాను.

“నేను వద్దంటుంటి సార్” అన్నాడు.