ఒక చుక్క తక్కువ

ఒంట్లోంచి ఒక్క చుక్క నెత్తురు కూడా కారకుండానే నెత్తురు కారి చచ్చిపోబోయిన మనిషిని మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే ఇదిగో, నేనే. ఆ రోజు నన్ను కోవిల్‌పట్టి నుంచి విరుదునగర్ దాకా అగ్గిపెట్టెల వ్యానులో పడుకోబెట్టి తీసుకుపోయారు. అప్పుడే నవ్వకండి. నవ్వే ఘట్టం ఇంకా రాలేదు. నాకైతే ఆ రోజంతా అది రానే లేదు.

తొంభైల చివరి సంగతి. అంతకు కొన్ని నెలల ముందు మదురైలో నా గుండెకు ఆపరేషన్ చేసి, పాడైన వాల్వు తీసేసి లోహంతో చేసినది పెట్టారు. లోహం దగ్గర నెత్తురు గడ్డ కడితే ప్రాణానికే ముప్పు. అందుకని గడ్డ కట్టకుండా రోజూ సాయంత్రం ఒక మాత్ర, బతికినన్నాళ్ళూ. ఆ మాత్ర పని ఎక్కువైతే ఇంకో ముప్పు: నెత్తురు మరీ పలచబడి, చిన్న గాయం తగిలినా ఆగదు. అంటే నా నెత్తురు ముద్దపప్పులా ఉండకూడదు, చారులా పారకూడదు. రెంటికీ మధ్య మా అత్త చేసే సాంబారులా ఉండాలి. అది సాంబారో కాదో తెలుసుకోవడానికి నెలకోసారి పరీక్ష. విరుదునగర్‌కు బస్సెక్కి పోయేవాణ్ణి. చెయ్యి చాపితే నెత్తురు తీసేవాళ్ళు. డాక్టరు రిపోర్టు చూసి "సరే" అనేవారు. నేను తిరిగి బస్సెక్కేవాణ్ణి. ఆ కాగితంలో ఏముందో ఒక్కసారి కూడా చూసిన పాపాన పోలేదు.

ఇక్కడొక విషయం మనవి చేసుకోవాలి. నేను అప్పట్లో కోవిల్‌పట్టిలో ఒక తమిళ దినపత్రికకు విలేకరిని. మున్సిపాలిటీ కాలువ లోతెంతని అడిగేవాణ్ణి, పత్తి ధర అడిగేవాణ్ణి, వంతెన ఎప్పుడు పూర్తవుతుందని ఇంజనీరు పారిపోయేదాకా అడిగేవాణ్ణి. నా ఒంట్లో పారేదాని గురించి మాత్రం ఎవరినీ ఒక్క ప్రశ్న అడగలేదు.

ఇంతలో మా ఊళ్ళోనే ఆ పరీక్ష చేసే ల్యాబు ఒకటి తెరిచారు. ఇక ప్రతినెలా ఇంత దూరం రానక్కరలేదు, అక్కడే నెత్తురిచ్చి ఫలితం ఫోనులో చెప్పండి అన్నారు డాక్టరు. ఫోనులో చెప్పడమా? అది నా వృత్తి గదా. రోజూ ఎస్టీడీ బూతులో నిలబడి మదురై డెస్కుకు వార్తలు చెప్పేవాణ్ణి. మీటరు మీద ఎర్ర అంకెలు పరుగెత్తుతుంటే మర్యాదలు, క్రియాపదాలు, మధ్యమధ్య ఊపిరి కూడా మింగేసి అసలు ముక్క మాత్రం బయటపెట్టడం నా విద్య. ఆ విద్యలో నన్ను మించినవాడు తిరునల్వేలి దాకా లేడని నా గట్టి నమ్మకం.

రిపోర్టు చేతికొచ్చిన ఉదయం నేరుగా బూతుకు పోయి విరుదునగర్‌కు ఫోను చేశాను. నర్సు ఎత్తింది. పేరు చెప్పి, "టూ, ఎయిట్" అన్నాను. ఆమె రాసుకుని, ఉండమని లోపలికి పోయింది. తిరిగి వచ్చేసరికి ఆమె గొంతు మారిపోయింది.

"సార్, మీరిప్పుడు నిలబడి ఉన్నారా?"

నిలబడే ఉన్నానన్నాను.

"కూర్చోండి."

బూతులో కూర్చోవడానికి చోటుంటే గదా. గోడకు ఆనుకున్నాను. నెత్తురు చాలా పలచబడిపోయిందట. మాత్ర ఆపేసి ఉన్నపళాన బయలుదేరి రావాలట. కుదుపులు తగలకూడదు కాబట్టి బస్సు వద్దు. గడ్డం గీసుకోవద్దు, బ్రష్షు పట్టవద్దు, దేనికీ తగులుకోవద్దు. ఎక్కడైనా నెత్తురు కనిపిస్తే దారిలో ఏ ఆస్పత్రి ఉంటే అందులోకి పోవాలి. ఫోను పెట్టేసి చేతిలోని కాగితం చూశాను. రెండు పాయింటు ఎనిమిది. ఇంత చిన్న అంకెకే ఇంత గండమైతే మూడు దాకా పోయినవాళ్ళు ఏమైపోయారో అనుకుని వాళ్ళ ఆత్మశాంతికి ఒక్క క్షణం మౌనం పాటించాను.

బయటికొచ్చాక లోకమంతా బ్లేడులా కనిపించింది. సైకిళ్ళకు ఇన్ని అంచులుంటాయని నాకు అంతవరకూ తెలియదు. రోడ్డుకు నట్టనడుమ, చేతులు ఒంటికి అంటించుకుని, నన్ను నేనే గాజుసీసాలా మోసుకుంటూ ఇల్లు చేరాను.

ఇంట్లో మాది తెలుగు; గడప దాటితే తమిళం. మా తెలుగు విన్న ఆంధ్రావాళ్ళు, ముత్తాతల నాటి ట్రంకుపెట్టె తెరిచినట్టుందంటారు. ఆ తెలుగులోనే వాకిట్లో నా భార్య రామలక్ష్మి నన్ను నిలేసింది.

"ఏమిటికి అట్ల నడుస్తుండారు? ఎవురన్నా కొట్టినారా?"

"తాకవద్దు. నెత్తురు నీళ్ళయిపోయిందంట. డాక్టరే చెప్పుండారు."

ఆమె ముఖం తెల్లబోయింది. ఎట్టయాపురం నుంచి వచ్చి మా ఇంట్లో ఉన్న అత్త మాత్రం, తను ఎన్నాళ్ళుగానో చెబుతున్నది ఇన్నాళ్ళకు రుజువైనట్టు తలాడించింది. అల్లుడినైన నన్ను ఆవిడ తమిళంలో మాపిళ్ళె అనే పిలుస్తుంది.

"నేను అప్పుడే చెప్తిని గదా, మాపిళ్ళె. నెత్తురేమి చల్లా, నీళ్ళు పోసి పలచన చేసేదానికి? దినమూ ఆ మాత్ర మింగి మింగి, ఉండేదంతా కరగబెట్టుకుంటిరి."

రామలక్ష్మి కత్తిపీటను అటక మీద పెట్టింది. బ్లేడు, సూదులు, పిన్నీసులు డబ్బాలో వేసి మూత బిగించింది. క్యాలెండరు తగిలించిన మేకును కూడా పీకేస్తానని సుత్తి తెచ్చింది. ఆ సుత్తిని చూసి నేను పెరట్లోకి పారిపోయాను. ఆమె తమ్ముడు రంగసామి అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో వ్యాను నడుపుతాడు. అతనికి కబురంపి, వ్యాను వచ్చేలోగా పెరట్లో కూర్చుని నా తెలివికి పదును పెట్టాను. పదునైనది అదొక్కటే దగ్గరుంచుకోవచ్చు గదా.

డాక్టరు చెప్పినవాటిలో నాకు ఒక్కటే గుర్తుంది. మునగాకులాంటి ఆకుకూరలు ఉన్నట్టుండి ఎక్కువ తింటే మాత్ర పని చెడుతుంది, జాగ్రత్త అన్నారు. ఇప్పుడు వచ్చిన చిక్కేమిటి? మాత్ర పని ఎక్కువ కావడమే. అయితే దాన్ని చెడగొట్టడమే వైద్యం. ఎదురుగా మునగచెట్టు. నా బుద్ధికి నేనే మురిసిపోయి అత్తతో చెప్పాను. జన్మలో మొదటిసారి ఆవిడ నన్ను మెచ్చుకోలుగా చూసి, ఒక కొమ్మకు కొమ్మే దూసేసింది.

"డాక్టర్ను ఒక మాట అడిగి తినగూడదా?" అంది రామలక్ష్మి.

"అడిగేదానికి టైమెక్కడుండాది?" అన్నాను.

అన్నం లేదు, ఏమీ లేదు, వట్టి మునగాకు వేపుడు. మేకైనా మధ్యలో తలెత్తి అటూ ఇటూ చూస్తుంది. నేను చూడలేదు.

వ్యాను వచ్చింది. లోడు దింపడానికి వేళ లేక అగ్గిపెట్టెల కట్టలతోనే వచ్చింది. వాటి మీద పరుపు వేసి, పరుపు మీద నన్ను పెట్టారు. నా పరిస్థితి ఊహించండి: నేను గీసుకుంటే నెత్తురు, కింద ఏదైనా గీసుకుంటే నిప్పు. అత్త మా ఊరి శెంబగవల్లి అమ్మన్ గుడి కుంకుమ తెచ్చి నా నుదుట మందంగా పెట్టి, బండి కదిలేదాకా దండం పెడుతూనే ఉంది. నా పక్కన రామలక్ష్మి కూర్చుంది.

ఊరు దాటాక నా మోచేతి మీద దోమ కుట్టింది. ఇద్దరం ఆ చోటు వంక చూశాం. రామలక్ష్మి మడిచిన తువ్వాలు దాని మీద అదిమిపట్టి సాత్తూరు దాకా తియ్యలేదు. దోమకాటు మీద అంత భయాన్ని నేను అంతకు ముందు చూడలేదు, తర్వాతా చూడలేదు.

"ఎంతుండాలని డాక్టరు చెప్పినారు?" అని మెల్లిగా అడిగింది.

"ఏది?"

"అదే, ఆ లెక్క. ఎంతుంటే మంచిది, ఎంతుంటే చెడ్డది?"

నాకు తెలియదన్నాను.

"ఊరందరినీ అడుగుతారే. ఇది అడగలేదా మీరు?"

ఎండకు కాలిన వ్యాను రేకు కింద చెమటలు కారుతుండగా, ఇంకెన్ని గంటలుంటానో, నా చావు వార్త మా పత్రికలో ఏ పేజీలో వస్తుందో ఆలోచిస్తూ పడుకున్నాను. జిల్లా పేజీలోనే, అదీ అడుగున, అని తేలింది. సరిగ్గా అప్పుడే రంగసామి వెనక్కి తిరిగి చూశాడు. చెమటకు కరిగిన కుంకుమ నా ముక్కు పక్కగా, మూతి మీదుగా గడ్డం దాకా ఎర్రగా దిగుతోంది.

"అక్కా, బావకు తల పగిలింది" అంటూ బ్రేకు తొక్కాడు. పైకట్టలన్నీ నా మీద పడ్డాయి.

ఇక నేనే అరిచానో, ఆమే అరిచిందో చెప్పలేను. మూతి తుడుచుకుని వేలు చూసుకున్నాను. ఎర్రగా ఉంది. అయిపోయిందనుకుని కళ్ళు మూసుకున్నాను. రామలక్ష్మి నా ముఖాన్ని రెండు చేతుల్తో పట్టుకుని అటూ ఇటూ తిప్పి, వేలితో ఆ ఎరుపును తీసి వాసన చూసింది.

"కుంకుమ రా. బండి పోనీ" అంది తమ్ముడితో. అని, పైట చెంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

విరుదునగర్‌లో నర్సు చక్రాల కుర్చీతో వాకిట్లోనే నిలబడి ఉంది. డాక్టరు నా చిగుళ్ళు చూశారు, కళ్ళ లోపల చూశారు, కాళ్ళూ చేతులూ తిప్పి చూశారు. చూసేకొద్దీ ఆయనకు ఏదో నచ్చడం లేదు.

"ఒక్క మచ్చ కూడా లేదే. ఇరవై ఎనిమిది ఉన్న మనిషి ఇలా ఉండడు" అన్నారు తమిళంలో.

"ఇరవై ఎనిమిదేమిటి సార్?" అని రిపోర్టు తీసిచ్చాను.

ఆయన రిపోర్టు చూశారు. నర్సును చూశారు. చివరికి నన్ను చూశారు.

"ఇందులో రెండుకూ ఎనిమిదికీ మధ్య చుక్క ఉంది. ఫోనులో చెప్పారా?"

చెప్పలేదు. విలేకరి పాయింట్లు చెప్పడు, పాఠకులారా. వాన "ఫోర్, టూ" అంటే మా డెస్కువాళ్ళు నాలుగు పాయింటు రెండు సెంటీమీటర్లని రాసుకుంటారు; మా నల్లరేగడిలో ఒక్క రోజున నలభై రెండు సెంటీమీటర్ల వాన పడదని వాళ్ళకు తెలుసు. నా ఒంట్లో కురిసే వాన లెక్క ఆ నర్సుకేం తెలుసు?

రెండున్నరకూ మూడున్నరకూ మధ్య ఉండాలట. నాది బంగారంలా ఉందట. రంగసామి బయటికి పోయి నవ్వుకుని వచ్చాడు. డాక్టరూ నవ్వారు. సాయంత్రం మాత్ర మామూలుగానే వేసుకోమని చెప్పి, వేరే ఏమీ చెయ్యలేదు గదా అని అడిగారు. నేను గోడ మీది గుండె బొమ్మను శ్రద్ధగా చూస్తున్నాను.

"కీరె తిన్నారు సార్" అంది రామలక్ష్మి, ఆకుకూరను తమిళంలో చెబుతూ.

"ఎంత?"

ఆమె రెండు చేతులూ చాపి చూపించింది. మునగాకును కాదు, మునగచెట్టును చూపిస్తున్నట్టుంది ఆ కొలత. డాక్టరు నవ్వు ఆగిపోయింది.

"పలచబడితే విరుగుడు ఉంది. వాల్వు దగ్గర గడ్డ కడితే, మీ పొరపాటేమిటో చెప్పడానికి నాకు మీరు దొరకరు" అన్నారు.

ఆ గదిలో మళ్ళీ ఎవరూ నవ్వలేదు.

తర్వాతి కథ నా మోచేతి మడతను అడిగితే చెబుతుంది. నెలకోసారి పొడిచే సూది వారంలో రెండుసార్లు పొడవడం మొదలుపెట్టింది. మునగాకు మహిమ వల్ల అంకె దిగింది. మాత్ర పెంచారు. ఎక్కింది. తగ్గించారు. మళ్ళీ దిగింది. బావిలో బొక్కెనలా అది కిందికీ పైకీ పోతుంటే ఇంటిల్లిపాదీ దాని వెంటే ఊపిరి బిగబట్టుకుని పోయాం. ఫోనులో ఒక్క చుక్క మింగినందుకు సీసాల్లోకి ఎన్ని చుక్కలు కక్కానో లెక్కపెట్టే ధైర్యం నాకు లేదు.

చివరికి ఒకనాడు మళ్ళీ రెండు పాయింటు ఎనిమిదికి వచ్చి నిలబడింది. రామలక్ష్మిని వెంటబెట్టుకుని బూతుకు పోయాను. ఈసారి "పాయింటు" అనే మాటను బజారంతా వినపడేలా పలకాలని గొంతు సవరించుకున్నాను. నర్సు నా పేరు వినగానే అడ్డుపడింది.

"మీరు చెప్పవద్దు సార్. ఫోను మీ ఇంటామెకివ్వండి."

ఇచ్చాను. ఆమె అంకె చెప్పింది, చుక్కతో సహా. ఆ వెంటనే ఎంత కీరె తినవచ్చో, ఎన్ని రోజులకోసారో, నేను ఏనాడూ అడగని ప్రశ్నలన్నీ ఒక్కొక్కటే నింపాదిగా అడిగింది. మీటరు పరుగెడుతూనే ఉంది. నేను జేబులో చిల్లర వెతుక్కున్నాను.

కనుక శెంబగవల్లి అమ్మన్ సాక్షిగా, మా ఎస్టీడీ బూతు సాక్షిగా ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను: వానలు, వంతెనలు, పత్తి ధరలు ఎవరు అడిగినా చెబుతాను, నా నెత్తురు గురించిన వార్త మాత్రం బొందిలో ప్రాణముండగా నా నోటితో ఎవరికీ అందించను. దానికి అధికారిక విలేకరి రామలక్ష్మి.